నాలుగో చక్రం

జూన్ 3

అక్క పోయాక మొదటిసారి బావ, కార్ల చక్రాలకి రంగులేసే మా షాపులో అడుగుపెట్టాడు. అద్దె వ్యానులో నాలుగు చక్రాలూ వేసుకుని, వాటి మధ్యే ఒదిగి కూర్చుని వచ్చాడు. దింపడానికి చెయ్యి వెయ్యబోతే "నేనింకా అంత ముసలాణ్ణి కాలేదులే బామ్మర్దీ" అని కసిరాడు. నా మనసు కాస్త కుదుటపడింది. బావ కసురుతున్నాడంటే బాగానే ఉన్నాడన్నమాట.

టైర్లు ముందే తీయించేశాడు. "పాత రంగంతా ఒలిచెయ్. కొన్నప్పుడు ఎలా ఉండేవో అలా తెల్లగా రావాలి. కారు పిడుగు తీసుకెళ్తుంది" అన్నాడు.

మేనకోడలికి పాతికేళ్ళు నిండినా మా నోళ్ళలో అది పిడుగే. కొండమీద ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది దానికి. కింద ఊళ్ళో గది, పైన డ్యూటీ. రోజూ ఆ మలుపులన్నీ ఎక్కి దిగాలి. దాని డ్యూటీ వేళలకి బస్సు లేదట. అందుకని ఏడాదిగా షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకున్న కారుని బావ నిద్ర లేపుతున్నాడు.

కొత్త చక్రాలు కొనరాదా అని నేను అడగలేదు. అడిగితే నా వీపు పగిలేది. అసలు కారు కంటే ముందు కొన్నాడు వీటిని. కారుతో కంపెనీ ఇచ్చేవి కావు, బజార్లో విడిగా అమ్మే ఐదేసి ఆకుల అల్లాయ్ చక్రాలు. కారు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఇవి ముందు గదిలోనే కాపురమున్నాయి. ఒకదాని మీద అద్దం పలక వేసి అక్క టీ బల్ల చేసింది. ఇంకోదాంట్లో దిండు పెట్టి, పాకుతూ గడప దాటిపోకుండా పిడుగుని కూర్చోబెట్టేది. మిగతా రెండింటినీ బావ ముద్దుగా తుడుచుకునేవాడు. "మా ఆయన కారు కొన్నాడండీ, పైభాగం ఇంకా రాలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి అక్క పడీ పడీ నవ్వేది.

వెళ్ళేముందు బావ ఒక్కో చక్రాన్నీ చేత్తో తడిమాడు. ఒకదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. టీ బాగుంది అని చెప్పి వెళ్ళిపోయాడు.

జూన్ 5

రంగు ఒలిచే తొట్టిలో వేస్తే పొరలన్నీ ఒక్కసారే ఊడొచ్చేస్తాయి. నాకు అలా వెయ్యబుద్ధి కాలేదు. ముందు ఒక మూల గీకుడు రేకుతో మెల్లగా గీకి చూశాను.

పైన వెండి రంగు. దాని కింద నలుపు. ఆ కింద బంగారు రంగు. అన్నింటికీ అడుగున తెలుపు.

బంగారు రంగు నేనూ అక్కా చేసిన ఘనకార్యం. బావ పనిమీద ఊరెళ్ళినప్పుడు ఇద్దరం కూడబలుక్కుని వేసేశాం. తిరిగొచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది కారా, నగల కొట్టా?" అన్నాడు. ఆ మాట అంటూనే మూడేళ్ళు దానిమీదే తిరిగాడు. నలుపు ఏదో పోట్లాటలో పంతానికి వేసింది. ఆ పోట్లాట ఎందుకొచ్చిందో తర్వాత ఇద్దరికీ గుర్తు లేదు, రంగు మాత్రం చాలా ఏళ్ళుండిపోయింది.

వెండి రంగు వేసేనాటికి అక్కకి ఆస్పత్రి తిరుగుళ్ళు మొదలయ్యాయి. ఏ రంగు వెయ్యమంటావక్కా అని అడిగితే "నీ ఇష్టంరా" అంది. ఎప్పుడూ ఆ మాట అనే మనిషి కాదు. అప్పుడే నాకు గుండెలో రాయి పడింది.

గీకిన మూల చూస్తూ కూర్చుంటే పొద్దు గడిచిపోయింది. పని ఏమీ కాలేదు.

జూన్ 6

రెండు వేశాను తొట్టిలో. మందులో నానాక రంగు మీగడలా ముడతలు పడి లేచింది. నీళ్ళ గొట్టంతో కొడితే పోయింది. నలుపూ బంగారం కలిసిపోయి కాలవలోకి వెళ్ళాయి.

షాపు పెట్టిన కొత్తలో ఈ తొట్టి ఎక్కడిది? ముగ్గురం పీటలేసుకుని బ్రష్షులతో గీకేవాళ్ళం. అక్క అసలు పని టేపు వెయ్యడం. చక్రం మీద చల్లి ఓవెన్‌లో కాల్చే రంగు పౌడర్ నట్లు కూర్చునే గుంటల్లో పడకూడదు. పడితే నట్టు రంగుమీద కూర్చుంటుంది, రంగు నలిగాక వదులైపోతుంది. ఆ గుంటలకి సరిపోయేట్టు వేడికి తట్టుకునే టేపుని గుండ్రంగా కత్తిరించి అతికించేది. కొలత లేదు, గుర్తు లేదు, కబుర్లు చెబుతూనే కత్తిరించేది. ఒక్కటీ వంకర పోయేది కాదు. నేను వేస్తే "ఏరా, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా" అని పీకేసి మళ్ళీ వేసేది.

జూన్ 8

మూడు చక్రాలు బ్లాస్టింగ్ అయ్యాయి. సన్న గరుకు పొడిని గాలితో కొట్టి మిగిలిన మురికంతా తీసెయ్యడం. అల్యూమినియం మెత్తది, ఆవేశపడితే గుంటలు పడుతుంది. బావ ఎప్పుడూ ఆవేశపడేవాడు. అక్క అద్దానికి అవతల నిలబడి, తగ్గించు తగ్గించు అని చేత్తో సైగ చేసేది. ఇంట్లో బావ గొంతు లేచినా అదే సైగ.

బ్లాస్టింగ్ అయ్యాక ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలికుండే జిడ్డు తర్వాత పౌడర్ కింద మచ్చై తేలుతుంది. గ్లౌజుల్లేకుండా ముట్టుకున్నాడని ఒకసారి చక్రాల సొంతదారు చేతిమీదే అక్క ఒక్కటిచ్చింది. ఆయన నవ్వుతూ ఇంకో రెండు సెట్లు తెచ్చిచ్చాడు.

ఆ మూడు చక్రాల్నీ తాడుకి వేలాడదీసి సుత్తి పిడితో కొట్టి చూశాం. పగులు లేని చక్రం మోగుతుంది, ఉన్నది చప్పగా పలుకుతుంది. కొట్టేవాడు వేరే, వినేవాడు వేరే ఉండాలని బావ పెట్టిన పద్ధతి. "కొట్టేవాడు ఒళ్ళు హూనం చేసుకుని ఉంటాడు. వాడి చెవికి అన్నీ బాగానే వినబడతాయి" అనేవాడు. నేను కొడుతుంటే వీపు తిప్పి నిలబడి వినేవాడు. తను కొడితే నేను. పగులుందంటే అతుకులూ వెల్డింగులూ లేవు, సొంతదారు ఎదుటే కోసెయ్యడం. మళ్ళీ ఎవడూ బండికి ఎక్కించకూడదు కదా.

ఇవాళ నేను కొట్టాను, పౌడర్ వేసే కుర్రాడు నత్త విన్నాడు. వాడి నడక చూసి అక్క పెట్టిన పేరది. మూడూ బ్రహ్మాండంగా మోగాయి.

జూన్ 9

నాలుగోది కూడా అయింది. శుభ్రంగా వచ్చింది.

ఒక ఆకు వెనక, అది అంచుని కలిసే చోట, ఒక గీత ఉంది. వెంట్రుకంత. పోతపోసేటప్పుడు అచ్చు కలిసిన చోట ఇలాంటి గీతలు పడడం మామూలే.

మిగతా నాలుగు ఆకులకీ లేదు.

జూన్ 10

గీతే.

జూన్ 11

పౌడర్ వేసేముందు చక్రాల్ని ఉత్తగా ఒకసారి ఓవెన్‌లో వేడి చేస్తాం. లోహం లోపల దాచుకున్న నూనే గాలీ ఆ వేడికి కక్కేస్తుంది. అలా చెయ్యకపోతే తర్వాత రంగు మీద పొంగులొస్తాయి.

మూడూ పొడిగా వచ్చాయి. నాలుగోదాని గీత వెంబడి నల్లగా జిడ్డు చెమర్చింది. తుడిచాను. మళ్ళీ వేడి చేశాను. మళ్ళీ వచ్చింది.

పాత చక్రం. ఎన్నేళ్ళ గ్రీజు పట్టుందో. మూడోసారి కూడా వేడి చేస్తే అదే పోతుంది.

నత్త ఓవెన్ దగ్గర నిలబడి చూస్తున్నాడు. వాణ్ణి గ్లౌజులు తెమ్మని బజారుకి పంపాను. ఇంకా బోలెడున్నాయి గ్లౌజులు.

జూన్ 12

నాలుగోది కొట్టి చూశాను. నేనే కొట్టాను, నేనే విన్నాను. అటు పక్క కంప్రెసర్ నడుస్తోంది. బాగానే మోగినట్టుంది.

నత్త వచ్చి "అన్నా, కంప్రెసర్ ఆపనా? నేను వింటాలే" అన్నాడు.

"పని చూసుకోరా" అన్నాను.

వాడు వెళ్ళి పని చూసుకున్నాడు. పాపం, ఆ నత్తనడకే వాడిది, మనిషి మంచివాడు. సాయంత్రం టీ తెప్పించి ఇచ్చాను వాడికి.

ఇలాంటి సెట్టు ఇప్పుడెక్కడా దొరకదు. ఆ కంపెనీయే లేదు. ఒకటి పోతే నాలుగూ పోయినట్టే.

జూన్ 14

పౌడర్ అయింది. ఓవెన్ తలుపు తీసేసరికి నాలుగూ మల్లెపూలలా ఉన్నాయి. వెతికినా గీత కనబడలేదు. నాకే కనబడకపోతే ఇంకెవరికి కనబడుతుంది.

బావకి ఫోన్ చేశాను. "టీ బల్ల చేసుకునేంత తెల్లగా ఉన్నాయా?" అన్నాడు. నవ్వాడు. అక్క పోయాక ఫోన్లో బావ నవ్వు వినడం ఇదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక నాకు సంతోషంగా ఉండాలి.

జూన్ 15

ముభావంగా ఉన్నావేమని మా ఆవిడ అడిగింది. ఏం లేదన్నాను.

జూన్ 16

పిడుగు షాపుకొచ్చింది చక్రాలు చూడ్డానికి. చుట్టూ తిరిగి, వంగి, వాసన కూడా చూసింది.

"మామయ్యా, నేను కూర్చునేదాన్నట కదా వీటిల్లో. ఏది నాది?"

"ఏమో, అన్నీ ఒకలాగే ఉంటాయి కదమ్మా."

"అమ్మకైతే తెలిసేది" అంది. తెలిసేదే.

కొండ దారి గురించి చెప్పింది. ఒకసారి వెళ్ళి చూసొచ్చిందట. మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి, ఒక పక్కంతా లోయ, మధ్యాహ్నమే మంచు దిగుతుంది అని ఉషారుగా చెబుతోంది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

వెళ్ళబోతూ, "నాన్న మళ్ళీ మనిషయ్యాడు మామయ్యా. పొద్దున్నే లేస్తున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు. చక్రాలు ఎంతవరకు వచ్చాయి అని ఇల్లంతా తిరుగుతున్నాడు. ఇదంతా నీ చలవే" అంది.

పగులున్న చక్రం మీద ఏళ్ళ తరబడి తిరిగిన బళ్ళు ఎన్ని లేవు. ఉంటే. పగులే అయితే.

జూన్ 18

బావ షాపు పగ్గాలు పట్టిన రోజుల్లో ఒకాయన వచ్చి కాళ్ళా వేళ్ళా పడ్డాడు, కొయ్యొద్దు, వాళ్ళ నాన్న కారుదీ చక్రం అని. బావ కరగలేదు. ఆయన వెళ్ళాక అక్క "కాస్త మెత్తగా చెప్పుండాల్సింది" అంది. కొయ్యకుండా ఉండాల్సింది అని అనలేదు.

ఎందుకు గుర్తొచ్చిందో ఇవాళ.

జూన్ 20

బావ ఇంటి షెడ్డులో బిగించాం. టైర్లు ఎక్కించి తెచ్చి, నత్త షాపుకి వెళ్ళిపోయాడు. మూడు బిగించాక నాలుగోది చేతిలోకి తీసుకుంటే, ముందు ఎడమవైపు ఖాళీగా ఉంది. వెనక చక్రంతో మారిస్తే భారం కాస్త తగ్గుతుంది కదా అని ఆలోచించాను. అలా ఆలోచించాను.

మార్చలేదు. నట్లు బిగించాను. బావ స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. జాకీ దింపేశాను. పిడుగు ఎక్కి కూర్చుని, సీటు ముందుకి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, "ఒక రౌండు కొట్టొస్తా" అంది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

"దిగు" అన్నాను.

"ఏమైంది మామయ్యా?"

"దిగమన్నానా! తాళం తీసి దిగు!"

దానిమీద నేనెన్నడూ అరిచినవాణ్ణి కాదు. బిత్తరపోయి దిగింది. బావ వైపు చూసే ధైర్యం లేక చక్రం వైపు చూస్తూ చెప్పాను.

"దీనికి పగులుంది బావా. ఆకు వెనక."

"ఎప్పుడు చూశావ్?" అన్నాడు బావ.

"ఒలిచినప్పుడే."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ మాట్లాడాడు.

"నీ దగ్గరికి తెచ్చేముందు నేనూ కొట్టి చూశాను బామ్మర్దీ. చప్పగా పలికింది. నా చెవే చెడిందేమో, నువ్వు చూస్తే తేలుస్తావులే అనుకున్నా. నువ్వేమీ అనలేదు. నువ్వు అనలేదంటే లేనట్టే కదా అని..."

"నువ్వు చూడకుండా తెస్తావా అని నేననుకున్నాను" అన్నాను.

అది అబద్ధం కాదు. అలా కూడా అనుకున్నాను.

పిడుగు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అంటే ఇద్దరికీ తెలుసు" అంది.

నేను జాకీ పక్కకి జరిపాను.

"ఇద్దరికీ తెలిసే నన్ను కొండెక్కించబోయారు."

"అది కాదమ్మా, మీ అమ్మ..." అన్నాడు బావ.

"అమ్మ వస్తువులని కాపాడుకున్నారు. మరి నేనెవర్ని నాన్నా? నేను అమ్మ పిల్లని కానా?"

గొంతు పెంచలేదు. తాళాలు కారు మీద పెట్టి లోపలికెళ్ళి తలుపేసుకుంది. మేమిద్దరం ఆ షెడ్డులో, తప్పు చేసి దొరికిన పిల్లల్లా, ఎంతసేపు ఉన్నామో. చివరికి బావే లేచి "స్పానర్ ఇటివ్వు" అన్నాడు.

జూన్ 21

షాపులో కోశాం. బావ పట్టుకున్నాడు, నేను గ్రైండర్ ఆడించాను. పిడుగు వస్తుందనుకోలేదు. వచ్చింది. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. సొంతదారు ఎదుట కొయ్యాలన్న బావ పద్ధతి దానికి చిన్నప్పటినుంచీ తెలుసు.

తెల్లటి పౌడర్ కాలి కమురు వాసన వేసింది. ఆ ఆకుకి అటూ ఇటూ అంచు కోసేశాక బావ సుత్తి తీసుకున్నాడు. గట్టిగా కొట్టలేదు. బావకిప్పుడు అంత సత్తువ లేదు. ఆ మాత్రానికే ముక్క విరిగి కింద పడింది.

విరిగిన చోట లోపలంతా నలుపు. ఒక్క చివర మాత్రం, నా చిటికెన వేలి గోరంత మేర, కొత్త లోహం తళతళలాడుతోంది. అంతే పట్టుకుని ఉంది ఇన్నాళ్ళూ.

బావ ఆ ముక్కని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఈ నలుపు ఏళ్ళది" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "సముద్రానికి వెళ్ళినప్పుడు కూడా ఉండుంటుంది" అన్నాడు.

అక్కకి సముద్రం చూడాలనిపించిందని వెళ్ళాం ఆ చివరిసారి. నలుగురం. కిటికీలన్నీ దింపి, బావ ఎంత వేగంగా పోనిచ్చాడో. ఇంకా వేగంగా, ఇంకా వేగంగా అని అక్క వెనక సీట్లోంచి చిన్నపిల్లలా భుజం తడుతూనే ఉంది. ఆ రోజు తలుచుకునే ఈ ఏడాదంతా నేను గడిపాను. బావ కూడా అంతేనేమో. ఇవాళ ఆ రోజే మళ్ళీ తలుచుకున్నాను. నేలమీదే కూర్చుండిపోయాను.

పిడుగు వచ్చి బావ చేతిలో ముక్క తీసుకుని చూసింది. మెరుస్తున్న చోట గోరు ఆనించి చూసుకుంది. ముక్కని తుక్కు డబ్బాలో వేసింది.

మిగతా మూడూ బావే కోశాడు. వాటికేం కాలేదు కదా నాన్నా అని పిడుగు అంటున్నా వినలేదు. నేను ఆపలేదు.

జూన్ 24

షాపులో నత్తకి చెప్పాను, ఆ రోజు కంప్రెసర్ ఎందుకు ఆపనివ్వలేదో. "తెలుసన్నా" అన్నాడు.

జూన్ 28

పిడుగు ఇవాళ వెళ్ళింది. మామూలు ఇనప చక్రాలు నల్లవి, తనే వెళ్ళి కొని తెచ్చుకుంది. మమ్మల్ని రమ్మనలేదు. బిగించడానికి మాత్రం నన్ను పిలిచింది. బిగిస్తుంటే పక్కనే నిలబడి ఒక్కో నట్టూ తను కూడా తిప్పి చూసుకుంది. మంచి పనే చేసింది. నాకు బాధ అనిపించలేదు అని రాస్తే అబద్ధం.

సామాన్లు పెట్టాం. బావ వెనక సీట్లో నీళ్ళ సీసా పెట్టాడు. తర్వాత ఇంకోటి పెట్టాడు. ఇక పెట్టడానికేమీ లేక గేటు దగ్గరకొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

పిడుగు ఇంజను స్టార్ట్ చేసి, అద్దం దింపి, మా వైపు చూస్తూ ఆగింది. ఎవరు బయల్దేరినా అనేదే, జాగ్రత్తగా వెళ్ళిరా అని. అక్క ఉన్నప్పుడు ముగ్గురం ఒకేసారి అనేవాళ్ళం. బావ నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరికీ ఆ మాట నోటికి రాలేదు.

అది ఇంకాసేపు చూసింది. మొహంలో కోపం అలాగే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళు.

"సరే" అంది. "నేనే జాగ్రత్తగా వెళ్తాలెండి." గేరు వేసి, మెల్లగా గేటు దాటించింది.